చల్లగా వంచిన పైపు

“...పాడె ఎవురన్నా ముందే కట్టించి ఇంట్లో పెట్టుకుంటారా? చెప్పు సాగరూ, నువ్వే చెప్పు.”

“పాడె కాదమ్మా ఇది. బోను.”

“బోనంట! మావోడేమన్నా ఎలుగ్గొడ్డా, బోనులో పెట్టేదానికి?”

“అట్ట కాదమ్మా. కారు బోల్తా కొట్టిందనుకో...”

“మళ్ళా అదే మాట! శుక్రవారం పూట, కన్నతల్లి ఎదురుగా నిలబడుంటే, బోల్తా బోల్తా అంటా ఉండావే!”

“నేననకపోతే మాత్రం రోడ్డు ఊరుకుంటాదా?”

షెడ్డు బయట ఆనించిన గేటు వెనక నేను ఆగిపోయాను. లోపల అరుస్తున్నామె హనుమాయమ్మ. ఉదయగిరిలో ఉల్లిగడ్డలు, ఎండుమిరపకాయలు టోకున అమ్మే కొట్టు వాళ్ళది. పోట్లాడటానికని మొదటి బస్సెక్కి అంత దూరం నుంచి ఆత్మకూరు వచ్చింది. ఆమెకి సర్దిచెప్పలేక తంటాలు పడుతున్నాయన దయాసాగర్, కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసే వెల్డరు. ఇద్దరి మధ్యా తెల్ల మారుతి కారు ఒకటి నిలబడి ఉంది. సీట్లు పీకేసి, కింద పట్టాలు ఊడదీసి, లోపల ఇనప పైపుల చట్రం బిగించి ఉంది. ఆ కారు ఆమె కొడుకు మురళీకృష్ణది. ఆదివారం మద్రాసు దగ్గర ఏదో రేసులో దాన్ని తోలాలని వాడి తపన.

మురళీ, నేనూ ఉదయగిరిలో ఇంటర్ కలిసి చదివాం. వాడు మద్రాసు పోయాడు. నేను ఆత్మకూరులో డిగ్రీలో చేరి రెండో ఏడు మానేశాను. రూము మాత్రం ఖాళీ చేయలేదు, పగలంతా సాగరన్న షెడ్డు దగ్గరే కాలక్షేపం. ఈ బోను గొడవ మొత్తం తెచ్చిపెట్టింది నేనే కాబట్టి గేటు వెనకే ఉండటం మంచిదనిపించింది.

“కోసెయ్,” అంది హనుమాయమ్మ. “నా కళ్ళెదురుగా ఇప్పుడే కోసెయ్.”

“కొయ్యనమ్మా. అది ఉంటేనే మీవోడు బతుకుతాడు.”

“బతుకుతాడా? సరే. అది వంకరపోకుండా, విరక్కుండా నిలబడతాదని రాసిస్తావా? మీ యేసుప్రభువు మీద ఒట్టేస్తావా?”

సాగరన్న నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. పక్కన రాడ్ల పెట్టె మీద కూర్చున్న ఆయన భార్య లిదియమ్మ అందుకుంది. “ఒట్టు పెట్టకూడదమ్మా. మాకు లేదు.”

“ముహూర్తం లేదు, ఒట్టూ లేదు. ఇంకేముండాదే మీకు?”

“కాఫీ ఉండాది. తాగిపో.”

హనుమాయమ్మ తాగింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, “మావోడికేమన్నా అయితే ఈ షెడ్డు ముందరే కూచుంటా, లెయ్యను,” అని చెప్పి బస్టాండుకి పోయింది. పోతూ గేటు వెనక నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇది తొంభై అయిదు ఫిబ్రవరి మాట. అంతకు మూడు వారాల ముందు మురళి ఆరు పేజీల ఇంగ్లీషు పేపరు ఒకటి పట్టుకొచ్చాడు. రేసులో కారు తోలాలంటే, బోల్తా పడినా పైకప్పు నలిగి తల మీద పడకుండా, దాని లోపల పైపులతో బోను ఉండాలట. లేకపోతే బయలుదేరే గీత దగ్గరికే రానివ్వరట. మద్రాసులో చేసేవాళ్ళు నాలుగు నెలలు ఆగమన్నారని ఏడుపు మొహం పెట్టాడు. “మా సాగరన్న ఏదైనా చేస్తాడు,” అని నేను గొప్పగా చెప్పేశాను. రేసు కారు ఎట్టా ఉంటుందో కూడా నాకు తెలీదు. కావలసిన పైపులు మురళి వాళ్ళ ఉల్లిగడ్డల లారీ మీద మద్రాసు నుంచి దిగాయి. పైపులతో పాటు రెండు బస్తాల ఉల్లి పొట్టు కూడా దిగింది.

మొదటిరోజు సాగరన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఎవుర్ని పెట్టేదానికి ఈ బోను?”

“నన్నేనన్నా,” అన్నాడు మురళి.

“నిన్ను పెట్టి?”

“నేను తోలతాను.”

“బోనులో కూర్చోని తోలతావా?” సాగరన్న నా వైపు తిరిగాడు. “ఏం కాలేజీ, ఈ పిల్లోడు బాగానే ఉండాడా?”

కాలేజీ మానేసిన రోజు నుంచి ఆయన నన్ను కాలేజీ అనే పిలుస్తాడు.

మూడు వారాలూ ఆ షెడ్డు ముందు సంతే. డిపోలో డ్యూటీ దిగిన కండక్టర్లు, కోర్టు వాయిదాలకొచ్చినవాళ్ళు, చేజర్ల నుంచి వడ్లు తెచ్చిన రైతులు, అందరూ ఆగి చూసేవాళ్ళు. కోళ్ళు తోలటానికా అని ఒకాయన అడిగాడు. దొంగల్ని తీసుకపోయేదానికా అని కానిస్టేబులే అడిగాడు. నలుగురు కూర్చునే కారుని ఒక్కడు కూర్చునేటట్టు చేశారంటే మీకు బుర్ర ఉందా అని ఒక అవ్వ నిలదీసింది. వాళ్ళకి జవాబు చెప్పే పని నాది. చెప్పేకొద్దీ నాకే అయోమయంగా ఉండేది. పడకుండా తోలటం నేర్చుకోవాలిగానీ, పడతామని ముందే ఏర్పాటు చేసుకోవటమేంది? హనుమాయమ్మ అడిగిందీ అదే గదా. ఆమెది మూఢనమ్మకం, మాది సైన్సు అని మురళి అన్నాడు. ఆ తేడా ఎక్కడుందో నాకు దొరకలేదు.

సాగరన్న గురించి చెప్పాలి. అప్పటికి నలభై రెండేళ్ళు. సన్నంగా ఉంటాడు. నిప్పురవ్వలు పడి ముంజేతుల నిండా తెల్లమచ్చలు. దూరం నుంచి చూస్తే ఎవరో నూకలు చల్లినట్టుంటుంది. మనుషుల మొహం చూసి మాట్లాడడు. ఎక్కడ అతుకు ఉంటే అక్కడ చూస్తూ మాట్లాడతాడు. పెళ్ళికి పోతే ముందు ఆ ఇంటి గేటు పట్టుకుని ఊపుతాడు. ఒక ఆదివారం గుడిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు, ఈయన కిటికీ గ్రిల్లు చూస్తున్నాడు. నాకెట్టా తెలుసంటే నేనూ మూసుకోలేదు.

ఆయన పని నేర్చుకున్నది సోమశిల డ్యాం దగ్గర. పెన్న ఒడ్డున వాళ్ళ ఊరు. కూలికని పోయినవాడిని గేట్లు అతికే మలయాళీ మేస్త్రీ ఒకాయన పక్కన పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు చేశాడు. గేట్లు దించారు, నీళ్ళు నిలబడ్డాయి, వాళ్ళ ఊరు ఆ నీళ్ళకిందకి పోయింది. ఇల్లు, వాళ్ళ నాయన సమాధి, బడి, అన్నీ. వాటిమీద నిలబడ్డ నీళ్ళని ఆపే ఇనుములో ఈయన చేతి అతుకులు ఉన్నాయి.

ఒకసారి అడిగేశాను. నాకు అడ్డదిడ్డంగా అడగటం అలవాటు.

“నీ ఊరిని ముంచే గేటు నువ్వే అతికినావే, నీకేమీ అనిపించలేదా అన్నా?”

ఆయన వెల్డింగు నల్లద్దాలు తీశాడు. “గేటు కారకూడదు గదరా,” అన్నాడు.

ఇది జవాబో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన మాత్రం జవాబే చెప్పానన్నట్టు మళ్ళీ నల్లద్దాలు పెట్టుకున్నాడు.

ఇక ఆ పైపు సంగతి. బోనులో ముఖ్యమైనది ఆర్చి. డ్రైవరు వెనక, నేల నుంచి లేచి పైకప్పు కిందగా వంగి మళ్ళీ నేలకి దిగే ఒకటే పైపు. మధ్యలో అతుకు ఉండకూడదు. రెండు చోట్ల వంచాలి. మిగతా పైపులన్నీ దాన్ని ఆనుకునే నిలబడతాయి.

పేపరు చదివి చెప్పటం నా పని. సాగరన్నకి ఇంగ్లీషు రాదు, మురళి మద్రాసులో ఉన్నాడు. నేను షెడ్డు ముందర స్టూలు వేసుకుని, టీ తాగుతూ, రోడ్డు మీద పోయే వాళ్ళని చూస్తూ చెప్పేవాడిని.

“పైపు కోల్డ్‌గా వంచాలంట అన్నా.”

“అంటే?”

“చల్లగా.”

“చల్లగా వంచేదేంది? వంచేటప్పుడు చల్లగానా, వంచినాక చల్లగానా?”

నేను పేపరు వైపు చూడలేదు. “రెండూ ఒకటేలే అన్నా. చల్లార్చమని.”

“నీళ్ళతోనా?”

“మరి దేంతో?”

అంత నమ్మకంగా చెప్పాను. తెలీదని చెప్పటం కంటే నాకు అదే సులువు.

మా వైపు పైపు వంచే పద్ధతి ఒకటే. లోపల పెన్న ఇసుక బాగా ఎండబెట్టి దట్టంగా నింపాలి. రెండు చివరలా కొయ్య బిరడాలు కొట్టాలి. బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, పాత లారీ రిమ్ము చుట్టూ మెల్లగా లాగాలి. లోపల ఇసుక ఉంటుంది కాబట్టి పైపు నొక్కుకుపోదు. సాగరన్న అట్టాగే వంచాడు. ఒక్క ముడత లేదు. అంత అందమైన వంపు నేను చూడలేదు. ఎప్పుడూ అయితే దాన్ని దానంతటదే ఆరనిచ్చేవాడు. ఈసారి పేపరులో ఉందని నేను చెప్పాను కాబట్టి, ఎర్రగా ఉన్నదాని మీద బక్కెట్టుతో నీళ్ళు కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

హనుమాయమ్మ వచ్చిపోయిన మర్నాడు, శనివారం పొద్దున్నే నేను షెడ్డుకి పోయేసరికి సాగరన్న కారులో దూరి కూర్చుని ఉన్నాడు. బోనుకి రంగు వేయటం ఒక్కటే మిగిలింది. కారు కోసమని మద్రాసు నుంచి ఇంటికొచ్చిన మురళి మధ్యాహ్నం అన్నం తిని ఉదయగిరిలో బయలుదేరి మూడింటికల్లా వస్తాడు. కారు తోలుకుని అట్నుంచటే మద్రాసు పోతాడు. అనుకున్నది అదీ.

సాగరన్న చేతిలో కిరసనాయిలు గుడ్డ ఉంది. పైపుల నిండా రుద్దుతున్నాడు.

“రంగుకి ముందర ఇట్ట రుద్దాలా అన్నా?”

“రంగుకి కాదు.”

“రాత్రంతా నిద్ర పోలేదు ఈయన,” అంది లిదియమ్మ. “రాసిస్తావా అని ఆమె అడిగింది చూడు, ఆ మాట పట్టుకుని పొర్లతా ఉండాడు.”

“ఒట్టు పెట్టే పన్లేదు గదక్కా.”

“పెట్టేదానికి కాదురా,” అన్నాడు సాగరన్న లోపల్నుంచి. “ఆమె అడిగినప్పుడు నా నోట్లో మాట లేకపాయె. గేటు ఇచ్చేటప్పుడు ఎవురూ అడగరు. అడిగినా ఏమైతాది, కుక్క దూరతాది. ఇది తలకాయ.”

అరగంట ఆగాడు. కిరసనాయిలంతా పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. తర్వాత బడిలో వాడే సుద్దముక్కలు నూరిన పొడి తీసుకుని అతుకుల మీద, వంపుల మీద చల్లాడు. డ్యాం దగ్గర మలయాళీ మేస్త్రీ నేర్పిన పరీక్ష అది. కంటికి కనపడని పగులు ఎక్కడన్నా ఉంటే దాంట్లో దూరిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద తడిగీత గీస్తుంది.

అతుకులన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. ఆర్చి ఎడమ వంపు తెల్లగా ఉంది. కుడి వంపు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. కుడివైపు అంటే డ్రైవరు తలకి పైగా.

వెంట్రుకంత గీత. వేలెడు పొడవు.

“ఏందన్నా అది?”

“తేమ.”

“తుడిస్తే పోతాదేమో.”

తుడిచాడు. మళ్ళీ సుద్ద చల్లాడు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. బయట ఎవడో నెల్లూరు బస్సు ఎన్నింటికని అడుగుతున్నాడు. గీత మళ్ళీ వచ్చింది. అదే చోట.

“నేనెప్పుడూ ఇట్టనే వంచినాను,” అన్నాడు సాగరన్న. “ఎన్ని వంచినానో. ఒక్కటీ పగల్లా. నీళ్ళు పోసింది ఈసారే.” చేతుల సుద్ద దులుపుకుని, “కాలేజీ, ఆ పేపరు తీసకరా. వంచేదాని గురించి ఉండాదే, అది చదువు.”

“చదివినాను గదన్నా.”

“మళ్ళా చదువు. తెలుగులో వద్దు. దాంట్లో ఎట్టుంటే అట్ట చదువు.”

చదివాను. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఆయన ప్రతి మాటా చెవిలో వేసుకుంటున్నాడు. నేను మొదటిసారి సగం దగ్గర ఆపేసిన వాక్యం ఈసారి చివరిదాకా చదివాను. కాలేజీలో పాఠాలు కూడా నేను సగం దగ్గరే ఆపేవాడిని.

“ఆగు. హీట్ అన్నావే?” అన్నాడు. వెల్డింగు రాడ్ల అట్టపెట్టెల మీద ఉంటుంది, ఆ మాట ఆయనకి తెలుసు. “ఆడ హీట్ ఎందుకొచ్చింది? దానికి ముందర ఇంకో మాట ఉండాది. ఏంది?”

“వితౌట్.”

“అంటే?”

నేను పేపరు వైపే చూస్తున్నాను. అక్షరాలు కదలటం లేదు, నా కళ్ళే కదులుతున్నాయి.

“లేకుండా,” అన్నాను.

“హీట్ లేకుండా.”

“అవునన్నా.”

“అంటే మంట పెట్టకూడదు.”

“పెట్టకూడదంట. యంత్రం మీద పెట్టి, కాల్చకుండా వంచాలంట.”

చెంప పగులుతుందని తల పక్కకి తిప్పుకున్నాను. ఆయన కొట్టలేదు. “కాల్చకుండా అంత మందం పైపు ఎట్ట వంగుతాది? ఆ యంత్రం ఎట్టుంటాదో రాసినారా?” అని అడిగాడు.

“రాయలా.”

“రాసుంటే బాగుండు,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. నా మీద రావలసింది, ఆయన మీద వచ్చింది. తిట్టవలసినచోట యంత్రం గురించి అడిగే మనిషితో ఏం చేయాలి? తప్పు నాది. పగిలింది ఆయన పైపు. చావబోయేది మురళి. వద్దని మొత్తుకున్నది వాళ్ళమ్మ. వీటిలో దేన్ని ముందు పట్టుకోవాలో నాకు అంతుపట్టలేదు.

అందుకే నోటికొచ్చింది అనేశాను. “రంగు పూసేస్తే ఎవురికి కనపడతాదన్నా? వాడు పడతాడని మాత్రం ఏముండాది?”

“పడకపోతే ఈ బోనుతో పనే లేదు. పడిన రోజునే దీనికి పని.” ఆయన కారులోంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. “కిటికీ గ్రిల్లయితే నువ్వు చెప్పినట్టే పూసిచ్చేద్దును. దొంగోడు వస్తే వచ్చినాడు.”

“వేరే ఆర్చి వంచుదాం.”

“పైపు యాడుండాది? మిగిలింది మూరెడు. మద్రాసు నుంచి రావాల. వచ్చినా ఆ యంత్రం నాకాడ లేదు.”

ఆర్చి లేకపోతే కారుని రేసులోకి రానివ్వరు. మురళి మూడు నెలలుగా ఆ ఒక్క ఆదివారం గురించే మాట్లాడుతున్నాడు. పగిలిందని తెలిసినా వాడు ఆగడని నాకు తెలుసు. ఏం కాదులే అంటాడు. ఇంటర్ పరీక్షకి హాల్ టికెట్ లేకుండా పోయినవాడు వాడు.

సాగరన్నకి కూడా తెలిసినట్టుంది. గోడకి తగిలించిన, ఇనుము కోసే ఆక్సా బ్లేడు తీశాడు.

లిదియమ్మ లేచి అడ్డం వచ్చింది. “నిన్న ఆమె కొయ్యమంటే కొయ్యనన్నావు. ఈరోజు నువ్వే కోస్తా ఉండావు. ఆమెకి భయపడినావనుకోరా?”

“అనుకోనీ.”

“మూడు వారాల పని.”

“అవును, మూడు వారాల పనే,” అన్నాడు. లోపల దూరాడు.

కోయటానికి చాలాసేపు పట్టింది. గట్టి పైపు. మధ్యలో ఒకసారి బ్లేడు విరిగింది, ఇంకోటి మార్చాడు. చుట్టూ ఎప్పటిలాగే జనం చేరారు. ఏం చేస్తున్నారని అడిగారు. ఈసారి నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. కుడి వంపు ఊడి ఆయన ఒళ్ళో పడింది. పగులుని రెండు బొటనవేళ్ళతో తడిమాడు. కొడవలిలాగా వంగిన ఆ ముక్కని బయటికి తెచ్చి, వెలుతుర్లో పట్టుకుని, లోపలి వైపు చూశాడు. నాకూ చూపించాడు. పగులు లోపలిదాకా పోయి ఉంది. గొప్పగా ఉన్న వంపు అది, ఇప్పటికీ అంటాను. ముడత అనేది లేదు.

“పదిన్నరకి ఉదయగిరి బస్సుండాది,” అన్నాడు. “ఎక్కు. మురళి బయలుదేరకముందే కలువు. ఈడికొచ్చి ఈ కారు చూస్తే ఏడుస్తాడు, లేదంటే కొడతాడు. రెండూ నాకొద్దు.”

“ఫోన్ చేద్దామన్నా. ఎస్టీడీ బూతు పక్కనే గదా.”

“కొట్టులో ఫోనెత్తేది వాళ్ళమ్మ.”

“సరే పోతా. నేనే తప్పు చదివినానని చెప్తా. నీ తప్పేమీ లేదని చెప్తా.” ఆ మాట అనటానికి నాకు చాలా కష్టమైంది. అన్నాక కాస్త గొప్పగా కూడా అనిపించింది.

“చెప్పొద్దు.”

“ఎందుకు?”

ఆయన మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు.

“తప్పు చదివినానని చెప్పినావనుకో, చదివింది తప్పుగానీ పైపు బాగానే ఉండాదిలే అంటాడు. వంకలు ఎతుకుతాడు. మా అమ్మకి భయపడి కోసినారా అని కూడా అంటాడు. నువ్వు దానికో మాట చెప్తావు, వాడొకటి అంటాడు, ఇద్దరూ కలిసి ఇంకెవుడో వెల్డరు కాడికి పోతారు. నాకు తెలీదా మీ సంగతి? ఈ ముక్క సంచిలో వేసుకోని పో. వాడి చేతిలో పెట్టు. ‘కుడిపక్క వంపు పగిలింది, సాగరు కోసేసినాడు.’ అంతే. ముందర ఒక మాట వద్దు, వెనక ఒక మాట వద్దు. ఈ ఒక్కసారికి నీ మాట ఒక్కటి కూడా కలపొద్దు, కాలేజీ.”